చల్లారితే దొరకదు

యాభై ఎనిమిది. ఆయిలు ఇంకా యాభై ఎనిమిది డిగ్రీల దగ్గరే ఉంది, ఎనభై దాటాలి, దాటితే గానీ రోగం బయటపడదని చెప్పి కొత్త ఆపరేటరు అన్నానికి పోయాడు, అందరూ పోయారు, పన్నెండున్నర నుంచి ఒకటిన్నర దాకా ఈ రాళ్ళ క్వారీలో మనిషన్నవాడు కనిపించడు, ఈ ఎక్స్‌కవేటరూ నేనూ తప్ప. బకెట్టును పూర్తిగా లోపలికి ముడిచి లీవరు అలాగే లాగిపట్టుకొని కూచున్నాను. ముడుచుకోవడానికి ఇంక చోటు లేదు, అయినా పంపు తోస్తూనే ఉంటుంది, ఆ తోపుడికి ఆయిలు వేడెక్కుతుంది. ఇంతకంటే తెలివైన ఉపాయం ఎవరూ కనిపెట్టలేదు. మిషన్లు బాగుచేయడంలో ఇరవై మూడేళ్ళ సర్వీసు, ఇంట్లో గోడకు రెండు సర్టిఫికెట్లు, పక్కన లాప్‌టాప్, చేస్తున్న పని మాత్రం పాలు పొంగేదాకా పొయ్యి ముందు కాపలా కూచోవడం. యాభై తొమ్మిది. ఏసీ పనిచేయదు, ఎప్పుడు పనిచేసింది గనక. అద్దం అవతల కోసిన గ్రానైటు గోడ, దాని మీద ఎండ, చూస్తే కళ్ళు మండుతాయి, చూడకపోతే చూడ్డానికి ఇంకేమీ లేదు. గురుబరపల్లి వైపు నుంచి హైవే లారీల చప్పుడు ఉండీ ఉండీ వస్తోంది. అక్కడెవరో ఎక్కడికో పోతున్నారు. పోనీ.

ఈ ఫాల్టు రావాలి, దీన్ని పట్టుకోవడానికే హోసూరు నుంచి నలభై కిలోమీటర్లు బండి మీద వచ్చాను. రాకూడదు కూడా. పొద్దున్నుంచి రెండూ నేనే అనుకుంటున్నాను, ఒకదాని వెనక ఒకటి. వస్తే, రెండు ఎండాకాలాల కిందట ఇదే సీట్లో కూచున్న బైరన్న చెప్పింది నిజమని తేలుతుంది, నలుగురి ముందూ నేను చదివిన రిపోర్టు అబద్ధమని తేలుతుంది. రాకపోతే మిషన్లో లోపం లేదని ఇంకోసారి రాసి, సంతకం గీకి, సూళగిరిలో ఒక టీ తాగి ఇంటికి పోవచ్చు. ఇదే మిషను, ఇదే క్వారీ, అప్పుడు సీట్లో బైరన్న, ఇప్పుడు ఎవరో కొత్త మనిషి, చెప్పేది మాత్రం అక్షరం పొల్లుపోకుండా అదే మాట. "లీవరు పట్టుకున్నట్లే ఉంటానన్నా, ఉన్నట్టుండి మిషను చేతులు పడిపోతాయి. ముందు చిటికేసినంత సేపే ఉండె, ఇప్పుడు ఎక్కువైంది. మళ్ళా దానంతట అదే వస్తాది." నిన్న ఫోన్లో ఈ మాట విన్నాక ఇంకేమీ అడగలేదు. సరే వస్తానని పెట్టేశాను.

అరవై మూడు. దీనికి ఇంజను దగ్గర ఒక కంట్రోలరు ఉంటుంది, ఈ సీటు వెనకాల ఇంకొకటి. ఆ రెంటి మధ్యా రెండు సన్నని తీగలు, ఒకదానికొకటి మెలివేసి. వాటి మీద రెండూ సెకనుకు కొన్ని వందల సార్లు మాట్లాడుకుంటాయి, వేగమెంత, ఒత్తిడెంత, లీవరు ఎటుంది. అటు నుంచి మాట ఆగిపోతే ఇటుది భయపడి అన్నిటినీ ఒక్కసారిగా బంద్ చేస్తుంది. మంచికే చేస్తుంది పాపం. కానీ గుండ్రంగా తిరుగుతున్న మిషను తటాలున నిలిచిపోతే బకెట్లో ఉన్న రాయి నిలవదు, ఆ సంగతి దానికి తెలియదు. ఆ రోజు ఆ రాయి హేమంత్ పాదం మీద పడింది. హేమంత్ డ్రిల్లు కొట్టేవాడు, నోట్లో ఎప్పుడూ ఏదో ఒక పాట. కృష్ణగిరి ఆస్పత్రిలో చీలమండ దాకా తీసేశారు. బైరన్న ఒకటే మాట చెప్పాడు, మేనేజరుకూ పోలీసుకూ నాకూ. "నేను లీవరు గుంజలేదప్పా. మిషనే నిలిచిపాయ."

నేను మరుసటి రోజు పొద్దున ఏడింటికి వచ్చాను. వచ్చేసరికి మిషను చల్లగా ఉంది, చెయ్యి పెడితే రాత్రి చలువ తగిలింది. లాప్‌టాప్ తగిలించాను, ఒక్క ఫాల్టు కోడూ లేదు. మాట తెగడం రెండు సెకన్లు దాటితే గానీ ఇది రాసుకోదని తర్వాత ఎప్పుడో చదివాను. మీటరు పెట్టాను, అరవై. ఆ తీగల జతకు ఆ చివర నూట ఇరవై ఓములు, ఈ చివర నూట ఇరవై ఓములు బిగించి ఉంటాయి, నడుమ ఎక్కడ కొలిచినా అరవై రావాలి, అరవై వచ్చిందంటే రెండు చివరలూ క్షేమం. నూట ఇరవై చూపిస్తే ఒక చివర అందడం లేదని అర్థం. చల్లగా ఉన్నప్పుడొకసారి, కాలుతున్నప్పుడొకసారి కొలవాలి, ట్రైనింగులో అందరికీ ఈ మాట చెప్పేది ఎవరయ్యా అంటే నేనే. ఆ రోజు కొలిచానా? లేదు. డెంకణికోట అవతల ఏనుగులు చేలమీద పడకుండా కందకం తవ్వే మిషను ఒకటి ఆగిపోయింది, వాళ్ళు ఫోను మీద ఫోను. ఆ తొందర అని ఇన్నాళ్ళూ నాకు నేను చెప్పుకుంటూ వచ్చాను. తొందర కాదు. స్క్రీను మీద ఏమీ లేదు గనక ఏమీ లేదు అనే పొగరు. సీటు వెనకాల రేకుకు నాలుగు బోల్టులు, విప్పితే పది నిమిషాల పని, విప్పలేదు.

అరవై ఎనిమిది. షెడ్డులో చదివాను రిపోర్టు. ఇంగ్లీషులో రాసి తెలుగులో చెప్పాను, మిషన్లో లోపం కనబడలేదు, లీవరును గట్టిగా గుంజడం వల్ల జరిగి ఉండవచ్చు. ఉండవచ్చు అన్నాను, జరిగింది అనలేదు, ఎంత జాగ్రత్త చూడండి వెధవకు. క్వారీ మేనేజరు శ్రీరంగప్ప బైరన్న వైపు తిరిగి, "ఏం బైరప్పా, లాప్‌టాప్ అబద్ధం చెప్తాదా?" అన్నాడు. బైరన్న లాప్‌టాప్ వైపు చూడలేదు. నా వైపు చూశాడు. "శేషా, ఆ పొద్దు ఆయిలు వేడి..." అని ఏదో మొదలుపెట్టాడు. నేను అడ్డం పడ్డాను. "వేడికీ దీనికీ ఏం సంబంధమన్నా, నువ్వు ఊరుకో" అన్నాను. నలుగురి ముందు, నా కంటే ఏడేళ్ళు పెద్ద మనిషిని, ఊరుకో అని. ఊరుకున్నాడు. ఈ సీటు మీదున్న తన తువ్వాలు తీసుకొని దులిపి భుజాన వేసుకొని తన ఊరు వేప్పనపల్లి పోయాడు, మామిడితోట దగ్గరికి. ఆ తర్వాత మిషను ఎక్కలేదు. నాకు ఫోను చేయలేదు. నేనూ చేయలేదు.

లీవరు పట్టి పట్టి మణికట్టు లాగుతోంది. ఈ పని ఒక్కడు చేసేది కాదు, అసలు ఏనాడూ ఒక్కణ్ణే చేయలేదు. పదకొండేళ్ళు బైరన్న పైన, నేను కింద. ఇంజను మోతలో అరిచినా వినబడదు, అందుకని స్పానరుతో మిషను కింది ఇనుప చైను మీద కొట్టేవాణ్ణి. ఒక దెబ్బకు బూమ్, అంటే మిషను చేయి, పైకి, రెండు దెబ్బలకు తిప్పు, మూడు దెబ్బలకు ఆపు. ఎవరూ నేర్పలేదు, ఒక వానాకాలంలో అలా అలవాటైపోయింది. కొన్నిసార్లు పని మధ్యలో నేను కొట్టకముందే బూమ్ పైకి లేచేది, ఎట్ల తెలిసిందన్నా అంటే, "నీ వీపు చూస్తే తెలియదా రా" అనేవాడు. ఇందాక కింద ఆయిలు హోసులు చూస్తూ చూస్తూ నేను స్పానరుతో చైను మీద ఒక దెబ్బ కొట్టాను. కొట్టి తల పైకెత్తి చూశాను. సీట్లో ఎవరున్నారు, నా తువ్వాలు ఉంది. సిగ్గేసింది. ఎవరూ చూడలేదు గదా అని చుట్టూ చూసుకున్నాను, ఎవరూ లేరు, అదీ బాధే.

డెబ్భై ఒకటి. శోభన ఈపాటికి డ్యూటీకి తయారవుతూ ఉంటుంది. నా భార్య హోసూరులో ఒక ఫ్యాక్టరీలో వైరింగు తయారయ్యే లైన్లో పిన్నులు తనిఖీ చేస్తుంది, ఈ వారం సెకండ్ షిఫ్టు, నేను బయలుదేరేటప్పుడు తను నిద్ర, నేను ఇంటికి పోయేసరికి తను డ్యూటీ. ఫోన్లో వాయిస్ మెసేజీలు పెట్టుకుంటాం. కుక్కరులో పప్పుంది. గ్యాసు చెప్పినాను. మీ చొక్కా గుండీ కుట్టినాను. ఆదివారం ఇద్దరం ఒకేచోట కూచుంటే ఏం మాట్లాడాలో తెలియక టీవీ పెడతాం. కొట్లాటేమీ లేదు, కొట్లాటకూ ఇద్దరు మెలకువగా ఉండాలి కదా. నిన్న రాత్రి తను వచ్చేసరికి నేను కళ్ళు మూసుకొని పడుకొని ఉన్నాను, నిద్ర రాలేదు, అయినా లేవలేదు, లేస్తే బైరన్న సంగతి చెప్పాల్సి వస్తుంది. తను ఒకసారి అంది, బాగా గుర్తు, ఆయుధపూజ రోజు, "మా లైన్లోకి మాత్రం నిమ్మకాయ రానియ్యరు, గుమ్మడికాయ గేటు బయటే కొడతారు. ఒక చుక్క పులుపు పడితే పిన్ను పచ్చబడి చస్తాదంట." నేను నవ్వాను. మీ ఫ్యాక్టరీ వాళ్ళకు దేవుడంటే భయం లేదే అన్నాను. బలే చెప్పొచ్చావులే అన్నట్టు చూసి తల దువ్వుకోవడానికి పోయింది.

డెబ్భై ఆరు. ఈ మిషనుకు మొదటి ఆయుధపూజ చేయించిందీ నేనే. అందరూ చైన్ల కింద నిమ్మకాయలు పెట్టి బండి ముందుకు కదిలిస్తారు, పగిలిపోతాయి, అయిపోతుంది. నాకు అది చాలలేదు. నేను ఎలక్ట్రానిక్ మనిషిని కదా, చైన్లకు పూజేమిటి, మిషనుకు తలకాయ సీటు వెనకాల పెట్టెలో ఉంది, దిష్టి తగిలితే దానికే తగులుతుంది అని పెద్ద ఉపన్యాసమిచ్చి, నిమ్మకాయ కోసి, కుంకుమ అద్ది, రెండు చెక్కలూ కంట్రోలరు మీద పెట్టాను. బైరన్న దండం పెట్టుకున్నాడు. "నువ్వు పెడితే ఇంక దీనికి ఏమీ కాదులే" అన్నాడు. అప్పటి ఫోటో ఒకటి నా ఫోన్లో ఉండాలి, ఇద్దరం నుదుట బొట్టుతో, మా వెనకాల ఈ మిషను చేయి ఆకాశానికెత్తుకొని. ఆ ఫోటో నేను తీసేయలేదు. చూడనూ లేదు.

ఎనభై. రాలేదు. ఎనభై ఒకటి. లీవరు వదిలి మిషనును నెమ్మదిగా ఎడమకు తిప్పాను, కుడికి తిప్పాను, పలుకుతోంది, బుద్ధిగా పలుకుతోంది. రాదేమో. నా గుండెలో ఏదో కొంచెం తేలికైంది, తేలికైనందుకు నా మీద నాకే అసహ్యం పుట్టింది. ఎనభై రెండు. పోయిన ఏడాది కృష్ణగిరి మామిడి మండీలో బైరన్నను చూశాను, టెంపోలోంచి బుట్టలు దించుతున్నాడు, చిక్కిపోయాడు, రెండు చేతులతో పట్టుకున్న బుట్టను నేలమీద పెట్టి మళ్ళీ తడుముకుంటున్నాడు, నిజంగా పెట్టానా లేదా అన్నట్టు. పిలిస్తే వినబడే దూరం. నేను లారీ చాటుకు పోయి నిలబడ్డాను. అతను పోయేదాకా ఆ లారీ టైరు మీద రాసున్న అంకెలు చదువుతూ నిలబడ్డాను, నలభై ఏడేళ్ళ మనిషిని. ఎనభై మూడు. చెమట కంట్లోకి దిగుతోంది. కుడికి తిప్పుతున్నాను.

ఎనభై నాలుగు. మిషను నిలిచిపోయింది. నా ఒళ్ళు ముందుకు పోయి తల అద్దానికి తగిలింది. లీవరు నా చేతిలోనే ఉంది, నేను గుంజలేదు, వదల్లేదు, వేలు కూడా కదిలించలేదు. స్క్రీను మీద ఎర్రటి గీత, ఇంజను కంట్రోలరుతో మాట తెగింది. ఇంజను తన పాటికి తాను తిరుగుతూనే ఉంది. నేను గట్టిగా, "గుంజలేదు" అన్నాను, ఎవరితో అన్నానో. తర్వాత ఏడుపొచ్చింది. మొహం తువ్వాలులో పెట్టుకొని ఏడ్చాను, ఎవరూ లేరు గనక దాచుకోవాల్సిన పని లేదు.

చల్లారకముందే కొలవాలి. కీ తీసేసి మీటరు పెట్టాను. నూట పంతొమ్మిది. సీటు వెనకాల రేకు మీద పిడికిలితో గుద్దితే అరవై, ఇంకోసారి గుద్దితే నూట పంతొమ్మిది. ఇక్కడే, ఈ రేకు వెనకాలే. నాలుగు బోల్టులు. నిజంగా పది నిమిషాలు కూడా పట్టలేదు, ఆరు నిమిషాలు. రేకు పక్కకు పెడితే దుమ్ము, ఎండిన ఆకులు, ఎలుక కొరికిన గుడ్డపీలిక, కంట్రోలరుకూ వెనక గోడకూ మధ్య సందులో నల్లగా గట్టిగా ఏదో. ఎలుక పెంట అనుకొని చేత్తో తీశాను. నిమ్మచెక్క. ఎండి చెక్కలాగే అయిపోయింది, లోపల ఇంకా కుంకుమ ఎర్రదనం. దాని కింద నుంచి సన్నటి మరక ఒకటి వైరింగు వెంట జారి కనెక్టరు రబ్బరు అంచు దాకా పోయి లోపలికి దిగింది. ప్లగ్గు ఊడదీసి టార్చి వేసి చూశాను. ముప్పై పైచిలుకు పిన్నుల్లో ఒక్కటి, ఆ మెలివేసిన జతలో ఒక్క తీగది, పచ్చగా చిలుం పట్టి ఉంది. చల్లగా ఉంటే ఆనుకుంటుంది, వేడికి జరిగితే వదిలేస్తుంది. అంతే. శోభన ఇంతకంటే తక్కువ మాటల్లో చెప్పింది.

నేను పెట్టింది. లోపం కనిపెట్టకపోవడం వరకే నా తప్పనుకొని వచ్చాను పొద్దున, అసలు లోపమే నాది. దిష్టి తగలకూడదని నేను పెట్టిన నిమ్మకాయ హేమంత్ పాదం తీసింది, బైరన్న నోరు మూసింది, పైగా నేనే వచ్చి రిపోర్టు రాశాను. నిమ్మచెక్క అరచేతిలో పెట్టుకొని ఎంతసేపు కూచున్నానో. సంచిలో స్ప్రే ఉంది, పళ్ళు తోమే బ్రష్షు ఉంది, కొత్త పిన్ను కూడా ఉంది. తుడిచి, బిగించి, కోడు చెరిపేసి, ఈ నిమ్మచెక్కను క్వారీ గుంతలోకి విసిరేస్తే ఎవరికి తెలుస్తుంది? చెరపమంటారా అని లాప్‌టాప్ అడుగుతూనే ఉంది, అవును, కాదు. నేను మంచివాణ్ణని చెప్పుకోను, వేలు అవును మీద పెట్టాను కాసేపు. మండీలో బుట్టను తడుముకుంటున్న ఆ చేతులు గుర్తొచ్చి తీసేశాను.

క్వారీలో సిగ్నలు రాదు, మిషను వెనక బరువుదిమ్మ మీద నిలబడితే ఒక గీత వస్తుంది. ఎక్కాను, బూట్లలోంచి కాళ్ళు కాలుతున్నాయి. పేరు అలాగే ఉంది ఫోన్లో, బైరప్ప ఆపరేటరు. నాలుగు రింగులకు బైరన్న భార్య జయలక్ష్మమ్మ వదిన ఎత్తింది.

"ఎవరు?"

"నేను వదినా, శేషప్పను. హోసూరు."

 వెనకాల కోళ్ళ అరుపులు వినబడ్డాయి.

"ఏంటికి చేసినావు? ఆయప్ప మిషను మాటంటేనే లేచి పోతాడు. వారం వారం గురుబరపల్లి పోతాడు, ఆ హేమంత్ టీ అంగడి పెట్టుకోనుండాడు కదా, ఆడ కూచోని వస్తాడు. ఒక్క మాట మాట్లాడడంట. ఆ పిల్లోని కాలు చూస్తా కూచుంటాడంట. ఇంకా ఏం చెప్పల్ల నువ్వు?"

"ఒక్కసారి ఇయ్యి వదినా. నీ కాళ్ళు మొక్కుతా."

చాలాసేపటికి ఆ గొంతు వచ్చింది, "ఏం శేషా" అని. రెండేళ్ళ తర్వాత మామూలుగా, నిన్న మాట్లాడుకున్నట్టు. నేను గబగబా చెప్పేశాను, ఆ మిషన్లోనే ఉండాను అన్నా, వేడెక్కితే లైను తెగిపోతా ఉండాది, నువ్వు చెప్పిందే నిజం, నీ చెయ్యి కాదు అని.

"లేదప్పా. నా చెయ్యే. నేనే గుంజినాను."

"గుంజలేదన్నా! నువ్వే చెప్తివి కదా."

"అది ఆ పొద్దు భయానికి చెప్పినాను. తరవాత యోచన చేస్తే తెలిసింది. ఇప్పుడు కండ్లు మూసుకుంటే నా చెయ్యి గుంజింది కనిపిస్తాది నాకు. లాప్‌టాప్‌లో ఏమీ లేదంటివి కదా. నువ్వు చదివితివి కదా శేషా, నువ్వు తప్పు చదువుతావా?"

ఆ దిమ్మ మీదే కూలబడ్డాను. అతనికి ఉద్యోగం ఒక్కటే పోయిందని అనుకుంటూ వచ్చాను ఇన్నాళ్ళూ. ఈ మనిషి నన్ను తిట్టుకుంటూ ఉంటాడనుకున్నాను, తిట్టుకుంటే ఎంత బాగుండేది. నన్ను నమ్మి తన చేతుల మీద తనకే నమ్మకం లేకుండా చేసుకున్నాడు. నిమ్మకాయ గురించి చెప్పాను. నేను కోసింది, నేను పెట్టింది, నువ్వు దండం పెట్టుకున్నది, అదే అన్నా, అది కారి పిన్ను తినేసింది, తప్పంతా నాది, చల్లగా ఉన్నప్పుడు కొలిచి పోయినాను, మిడిసిపాటుతో పోయినాను. తర్వాత అడిగాడు.

"ఎంత వేడి మీద వచ్చింది?"

"ఎనభై నాలుగు."



"శేషా... ఆ పొద్దు గూడా ఎనభై నాలుగే ఉండె. నేను చూసినాను. చెప్పబోతే నువ్వు..."

"ఊరుకోమంటిని అన్నా. నేనే అంటిని. నువ్వు రా. నేను తుడవలేదు, అట్లే పెట్టినాను. నువ్వొచ్చి సీట్లో కూచోని నీ చేతుల్తో చూడాల. అన్నా? అన్నా, వినబడతా ఉందా?"

లైను లేదు. అతను పెట్టేశాడో, సిగ్నలు పోయిందో, నా చివరి మాట అతనికి అందిందో లేదో తెలియదు. మళ్ళీ చేశాను, మోగి మోగి ఆగిపోయింది. ఇంకోసారి చేయలేదు, చేసే అర్హత ఉన్నట్టు అనిపించలేదు. దిగి, ప్లగ్గును ఆ చిలుం పిన్నుతోనే ఎట్లున్నదట్ల తగిలించి, ఇంజను స్టార్టు చేసి, బకెట్టు ముడిచి పట్టుకున్నాను. డెబ్భై రెండుకు పడిపోయింది. మళ్ళీ ఎక్కాలి.

ఒకటిన్నరకు శ్రీరంగప్ప వచ్చాడు, వెనకాల లారీలు కూడా. "ఏం శేషప్పా, అయిందా?"

దిగి నిలబడి మొత్తం చెప్పాను, నిమ్మచెక్క అరచేతిలో పెట్టి చూపించాను. దాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు. "ఇంతేనా? తుడిచి పారేసి పోవయ్యా. రెండేండ్ల కింది మాట ఇప్పుడెవరికి కావాల?"

"బైరన్నకు కావాల. హేమంత్‌కు కావాల. రిపోర్టు మళ్ళా రాస్తాను, నా పేరుతోనే. అంతదాకా దీన్ని ఎవరూ ముట్టుకోకూడదు సార్."

"ఆయప్ప వస్తానన్నాడా?"

"లేదు."

శ్రీరంగప్ప నెత్తి గోక్కున్నాడు, గొణుక్కున్నాడు, లారీలను ఇంకో మిషను వైపు పంపించాడు. పోతూ పోతూ, "నీకు ఎండదెబ్బ తగిలింది పో" అన్నాడు. తగిలిందేమో. వేప్పనపల్లి నుంచి బండి మీద ముప్పావుగంట, వస్తే రెండున్నరలోపు రావాలి, మూడైంది, దారి మీద దుమ్ము లేచినప్పుడల్లా చూస్తున్నాను, ట్రాక్టరొకటి, నీళ్ళ ట్యాంకరొకటి. సీటు మీది నా తువ్వాలు తీసేశాను. పావుగంటకొకసారి ఎక్కి, సీట్లో కూచోకుండా పక్కన నిలబడే లీవరు పట్టుకొని ఆయిలును వేడెక్కించి, దిగి, స్పానరు చేతిలో పెట్టుకొని చైను పక్కన కూచుంటున్నాను. డీజిలు కాలుతోంది, కాలనీ. ఇంజను మాత్రం ఆపను. చల్లారిందంటే ఇది మళ్ళీ ఏమీ ఎరగనట్టు అరవై చూపిస్తుంది.